గృహవైద్యము: నోటికండలకు సాము

పిల్లవాడు నోరు తెఱచుకొని, దిండు తడియునట్లు చొంగ కార్చుచు, గుఱక పెట్టి నిద్రించుచుండగా "ఆటలాడి యలసినాడు, గాఢనిద్ర పట్టినది" అని మురిసికొను తల్లులు మనలో పెక్కుమంది కలరు. గుఱక గాఢనిద్రకు గుర్తు కాదు. వారమునకు మూడు రాత్రులో, అంతకెక్కువయో గుఱక పెట్టు బిడ్డను వైద్యునకు చూపవలసినదే. అట్టి బిడ్డ రాత్రియంతయు ఊపిరికై పెనగులాడుచుండ వచ్చును. పగలు బడిలో తూగుట, కుదురులేక పెంకితనము చేయుట, ఏండ్లు వచ్చినను పక్క తడుపుట దాని ఫలములే కావచ్చును. వానిని తిట్టి కొట్టి లాభమేమి?

ఈ సంగతితో సంబంధము గల యొక చికిత్సను గూర్చి యీ మాసమున సోదరీమణులకు విన్నవింతును. నాలుక, పెదవులు, బుగ్గలు, అంగిలి, వీని కండరములకు క్రమము తప్పక సాము చేయించుటయే యా చికిత్స. వైద్యులు దీనిని మయోఫంక్షనల్ థెరపీ యందురు. దేహమునకు సాము కావలయునని మన మెఱుగుదుము. నాలుకకు గూడ సామా యని నవ్వు వచ్చును. కాని నాలుక దాదాపు కండరముల ముద్దయే. ఎనిమిది జతల కండరములు దానిని ముందునకు, వెనుకకు, మీదికి, క్రిందికి త్రిప్పుచున్నవి.

నోరు మూసికొని ఊరకున్నపుడు నాలుక యెచ్చట నుండవలయును? "ల" యను నక్షరమును పలికి చూడుడు. నాలుక కొన పైపండ్ల వెనుక చిగురు గట్టును తాకును గదా! కొన యచ్చటను, తక్కిన నాలుక అంగిలికి మెత్తగా నానుకొనియు, పెదవులు కలిసియు, ఊపిరి ముక్కుతోను ఉండుట సహజస్థితి. లోపలినుండి నాలుకయు, వెలుపలినుండి బుగ్గలును పెదవులును ఒత్తుచుండగా, ఆ రెంటి నడుమ సరిపోయిన చోట పండ్లు నిలుచును. ముక్కు బిగిసిన బిడ్డ నోటితో ఊపిరి తీయును. నోరు తెఱచినచో నాలుక క్రిందికి దిగును. అది సంవత్సరముల తరబడి సాగినచో పైదవడ యిఱుకై, అంగిలి గోపురమువలె లేచి, పండ్లు ఎత్తుగా వచ్చుట కవకాశము కలదు. మ్రింగునప్పుడెల్ల నాలుకను పండ్లమీదికి త్రోయు నలవాటు పసివాండ్రకు సహజమే గాని, బడి యీడు వచ్చిన పిమ్మటను విడువకున్న అదియు కీడే. దినమునకు మనము కొన్నివందల మారులు మ్రింగుచుందుము.

ఈ విషయమును మొదట పట్టినవారిలో జార్జి కాట్లిన్ అను చిత్రకారు డొకడుండుట వింత. ఆయన అమెరికా ఆదివాసుల నడుమ తిరిగి వారి చిత్తరువులు వ్రాసెను. ఆ తల్లులు నిద్రించు శిశువుల పెదవులను వ్రేళ్ళతో మెల్లగా కలుపుచుండుట చూచి, ముక్కుతో ఊపిరి తీయుటను గూర్చి 1862లో నొక పొత్తమునే ప్రకటించెను. అందు అతిశయోక్తులు లేకపోలేదు. పిమ్మట 1918లో బోస్టను నగర దంతవైద్యుడు ఆల్ఫ్రెడ్ రోజర్సు ముఖకండరముల వ్యాయామమును శాస్త్రరీతిగా బోధించెను. పండ్లను సరిచేయు తీగెలతో పాటు ఈ కండరములును సజీవములైన సాధనములే యని యాయన మతము.

పెద్దల గుఱక విషయమున దీని ఫలము ఇటీవలి కాలమున తేలినది. నిద్రలో కండరములు సడలి, నాలుక వెనుకకు జాఱి, గొంతుదారి యిఱుకగును. మెత్తని అంగిలి యదరి గుఱక పుట్టును. దారి పూర్తిగా మూసికొన్నచో ఊపిరి పది సెకనులు, ఒక్కొక్కప్పు డంతకెక్కువయు నిలిచిపోవును. నెత్తుట ప్రాణవాయువు తగ్గును. మెదడు ఉలికిపడి లేపును. రాత్రి యెన్నియో మారు లిట్లు జరిగినచో రక్తపుపోటును గుండెజబ్బును దాపురించు భయము కలదు. బ్రెజిలు దేశమున 31 మంది రోగులపై జరిపిన పరిశోధన 2009లో వెలువడెను. దినమునకు అరగంట చొప్పున మూడు నెలలు సాము చేసినవారికి, గంటకు సగటున 22 మారులకు పైగా కలుగుచుండిన శ్వాసభంగములు 14కు లోబడెను. వారి బరువు తగ్గలేదు. మెడ చుట్టుకొలత మాత్రము కొంచెము తగ్గినది. ఆస్ట్రేలియా ఆదివాసులు ఊదు డిజరీడూ అను పొడుగు కొమ్మును నేర్పి స్విట్జర్లాండులో 25 మందిపై చేసిన పరీక్ష 2006లో ప్రకటింపబడెను. నాలుగు నెలలలో వారి పగటికునుకు తగ్గినది. వారి ప్రక్కన పరుండువారి నిద్రయు బాగుపడినదట! మన సోదరీమణులలో పలువురకు ఈ కడపటి సంగతి మిక్కిలి నచ్చునని తలంతును. పలు పరిశోధనలను కూర్చి 2015లో చేసిన సమీక్షలో పెద్దలకు శ్వాసభంగములు సుమారు సగము తగ్గినట్లు తేలెను. అయినను ఆ పరిశోధనలలో పాల్గొన్నవారి సంఖ్య స్వల్పమని మఱువరాదు.

సాము విధానమున కష్టమేమియు లేదు. నాలుక కొనను "ల" స్థానమున నుంచి, అంగిలి వెంబడి వెనుకకు జాఱ్చుట ఇరువది మారులు. నాలుకనంతను అంగిలికి పీల్చి పట్టి యొత్తుట ఇరువది మారులు. కొనను క్రింది పండ్లకు తాకించి, నాలుక వెనుకభాగమును క్రిందికి నొక్కుట. నోరు తెఱచి "ఆ" యనుచు కొండనాలుకను పైకెత్తుట. అద్దములో చూచుకొన్న గాని యిది పట్టుబడదు. కడిగిన వ్రేలిని బుగ్గ లోపల నుంచి వెలుపలికి త్రోయుచు, బుగ్గను లోనికి బిగించుట ప్రక్కకు పది మారులు. భోజనమున రెండు దవడలతోను మార్చి మార్చి నమలుట. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పిన వినరు. వారిచే గుఱ్ఱపు డెక్కల చప్పుడువలె నాలుకతో లొట్టలు వేయింపుడు, నీటితో బుగ్గలు నిండ పుక్కిలింపింపుడు, ఈల వేయింపుడు, బూర ఊదింపుడు. వెక్కిరింత యని మనము గద్దించు నాటలే కొన్ని యిచ్చట ఔషధములైనవి! అత్తగారు వింతగా చూచినను మానవలదు. మూడు నెలలైనను విడువక చేసిన గాని గుణము కనబడదు; నాలుగు దినములు చేసి మానువారే యెక్కువ.

అయితే ముక్కు సంగతి ముందు, సాము తరువాత. ముక్కు వెనుక అడినాయిడ్లు పెరిగియో, టాన్సిళ్ళు ఉబ్బియో దారి మూసికొన్న బిడ్డను "నోరు మూసికో" యని శాసించుట క్రూరత్వము. ముందు చెవి ముక్కు గొంతు వైద్యునకు చూపి ఆ యడ్డు తొలగింపవలయును. శస్త్రచికిత్స జరిగినను నోటితో ఊపిరి తీయు నలవాటు కొందఱిని విడువదు. అచ్చట ఈ సాము మిక్కిలి యక్కఱకు వచ్చును. శస్త్రచికిత్సయు దంతచికిత్సయు పొందిన 24 మంది పిల్లలను గూర్చి 2013లో వెలువడిన యొక వ్యాసమున, సాము చేసిన 11 మందికి జబ్బు తిరుగబెట్టలేదనియు, చేయని 13 మందికి తిరుగబెట్టెననియు వ్రాయబడినది. రాత్రి నోటికి అంటుపట్టీ వేయు నలవా టొకటి యిప్పుడు వ్యాపించుచున్నది. పిల్లల విషయమున దాని జోలికి పోరాదు. నిద్రలో ఊపిరి తఱచుగా నిలిచిపోవు పెద్దలు వైద్యు డిచ్చిన శ్వాసయంత్రమును ఈ సామును నమ్మి మానరాదు. ముడుతలు పోవును, దవడ రూపు మాఱి యందము వచ్చునను ప్రకటనలకు తగిన రుజువు లేదు.

బొటనవ్రేలు చీకు నలవాటు నాలుగేండ్లకు సాధారణముగా తనంతట తానే పోవును; పోకున్న దంతవైద్యునితో ఆలోచింపవలయును. వ్రేలికి వేపరసము పూసి యేడ్పించుటకంటె, చీకని దినమున మెచ్చుకొనుట మేలు. మెత్తని పప్పన్నమే గాక, బడి యీడు పిల్లలకు జొన్నరొట్టె, చెఱకు ముక్క, జామకాయ వంటివి ఎదుట కూర్చుండబెట్టి నమిలింపుడు. సామును నేర్పువారు వాక్చికిత్సకులు, ఈ విద్య నభ్యసించిన కొందఱు దంతవైద్యులు. మైసూరులో వాక్‌శ్రవణ సంస్థ 1965లో వెలసినది. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయసంస్థ శాఖ కలదు. మొదటిసారి పోవునపుడు బిడ్డ నిద్రించుచు గుఱక పెట్టు తీరును ఫోనులో రెండు నిమిషములు చిత్రించి తీసికొనిపొండు. పగటి వెలుతురున పరీక్షించు వైద్యునకు ఆ రాత్రి సంగతి తెలియుటకు అంతకంటె సులువైన దారి లేదు.