బీరువాకు ఇవతల
భిలాయిలో ఒక తెలుగు పుస్తకం అట్ట ఊడిపోతే, అదేం పుస్తకమో తెలుగు రాని గ్రంథాలయ ఉద్యోగి ఎలా పోల్చుకుంటాడు? 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఈ ఉక్కునగరానికి పనికోసం వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఎందరో. చదవగలిగే కళ్ళు బీరువాకు ఇవతల, కేటలాగు రాసే చెయ్యి అవతల. ఈ రెంటినీ కలపగలిగేది ఎవరైనా రాసి, దిద్దగలిగే వికీయేనని నా నమ్మకం. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను పెంచింది జీతం ఆశించని ఔత్సాహికులే కదా! గ్రంథాలయం కూడా అలాంటి వికీ ఒకటి పెట్టుకుని, అందులో పుస్తకానికో పేజీ తెరవాలి. రిటైరైన తెలుగు ఫోర్‌మన్ గారెవరో రచయిత పేరు, లోపలి సంగతి రెండు ముక్కల్లో రాస్తారు. ఉద్యోగి పక్కనే అర నంబరు చేరుస్తాడు. తప్పులు దొర్లుతాయన్న భయం వద్దు, వికీలో పాత కూర్పు భద్రంగానే ఉంటుంది. ఎవరికీ దొరకని పుస్తకం కన్నా దిద్దుకోదగ్గ తప్పే నయం.