ఇంటి సుఖమునకు మన మెవరికి ఋణపడియున్నాము?

పరదేశమునకు పోయి వచ్చినవారు తప్పక చెప్పు మాట యొకటి కలదు: "ఎచటికి పోయినను మన యింటి సుఖము రాదు." ఆ మాట నిజమే. కాని ఆ సుఖ మెవరి చేతులమీదుగా మనకు వచ్చుచున్నదో విచారించువారు తక్కువ. ఈ నెల ఆ సంగతినే సోదరీమణులతో ముచ్చటింప దలచితిని.

మన ప్రాంతపు క్రైస్తవ సంఘములవారు జట్లుగా యెరూషలేము యాత్ర చేయుట ఇటీవలి కాలమున సాధారణమైనది. 2008వ సంవత్సరమున నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ యాత్రకు ధనసహాయము చేయ నారంభించిన పిమ్మట, సేద్యము చేసికొని బ్రతుకు కుటుంబములవారు సైతము కొందరు విమాన మెక్కగలిగిరి. 2019వ సంవత్సరము ఫిబ్రవరిలో మా న్యాల్‌కల్, జహీరాబాదు ప్రాంతపు సంఘస్థులతో మావారును నేనును పది దినముల యాత్ర చేసితిమి.

అమ్మాను నగరమున విమానము దిగి, బస్సులో జోర్డాను నది దాటి పోయితిమి. సరిహద్దునొద్ద పత్రములు చూపుటకు గంటలకొలది నిలువవలసి వచ్చెను. మనకు వాన జ్యేష్ఠాషాఢములలో మొదలగును. అచటనో చలికాలమే వానకాలము. యెరూషలేము సముద్రమట్టమునకు సుమారు 750 మీటర్ల యెత్తున కొండలపై నున్నది గనుక చలిగాలియు వానయు ఒక్కసారిగా పైబడెను. ఉదయమున బసలో పెట్టు ఫలాహారము దోసకాయ ముక్కలు, టమాటాలు, తెల్లని జున్నువంటి పదార్థము, ఉప్పునీట నూరిన ఆలివు కాయలు, ఉడికిన గ్రుడ్లు. అవి మంచి యాహారమే. కాని మూడవనాటికే మా జట్టులో ప్రతివారి చూపును మేము మూట గట్టుకొని పోయిన కడక్ రొట్టెలమీదికి, నువ్వుల పొడిమీదికి మరలెను. చెంబెడు వేడినీళ్లు, కారము తగిలిన పప్పు, మన మంచము, మన దుప్పటి: ఇవియే అందరి నోట మాటలైనవి.

ఇట్టి మనస్సుతో నజరేతు చేరితిమి. అచట మరియమ్మ బావి యని పిలువబడు నీటి తావు కలదు. దానికి మూలమైన ఊట సమీపముననున్న గబ్రియేలు దూత దేవాలయములో నేటికిని పారుచున్నది. గడచిన శతాబ్దమున సగము కాలము వరకును ఆ యూరి స్త్రీలు అచటికే వచ్చి కుండలతో నీళ్లు మోసికొని పోయెడివారట. యాత్రికులు దానిని పవిత్ర స్థలమని కన్నుల కద్దుకొనిరి. నాకు మాత్రము మా అత్తగారు జ్ఞప్తికి వచ్చిరి. ఇంటింటికి కుళాయి రాకముందు, ఎండకాలమున తెల్లవారుజామున లేచి దూరపు బావినుండి బిందెమీద బిందె మోసినవా రామె. నేను ఏడ్చి తలచుకొన్న చెంబెడు వేడినీళ్లకు వెనుక నున్నది ఆ నడక. దాని నెవరును పుణ్యస్థలమని చెప్పుకొనలేదు.

మరునాడు బేత్లెహేము చూచితిమి. హెబ్రీ భాషలో ఆ పేరునకు రొట్టెల యిల్లని యర్థము. అట్టి యూరిలోనే కరవు వచ్చినందున నయోమి భర్తతోను బిడ్డలతోను మోయాబు దేశమునకు పోయెనని రూతు గ్రంథము చెప్పును. భర్తను, కుమారులను పోగొట్టుకొని ఆమె మరలి వచ్చినపుడు వెంట నిలిచినది కోడలు రూతు. యవల పంట కోయు దినములలో ఆ కోడలు పరుల పొలమున పరిగె యేరి అత్తకు తెచ్చి పెట్టెను. జొన్నచేలలో పరిగె యేరిన తల్లులు మా జట్టులో నిద్దరుండిరి. పొలములను చూపి ఆ కథను చెప్పుచుండగా వారు విన్న తీరు వేరు.

ఆ యిద్దరిలో ఒకామె, అరువదేండ్లు దాటినది, ఆ రాత్రి భోజనముకడ నా ప్రక్కన కూర్చుండెను. అందరును ఇంటి వంటను తలచుకొని నిట్టూర్చుచుండగా ఆమె నవ్వి యిట్లనెను: "గిదంత మీకు కష్టమనిపిస్తున్నదా అమ్మా? నాకైతె పది దినాలు ఒకరు వండి పెట్టంగ కూసోని తింటున్న. పుట్టినకాడికెల్లి గిట్ల ఎన్నడు తినలె. ఇంటికి వొయ్యినంక నాకెవరు పెడ్తరు?"

ఆ ప్రశ్నకు మాలో ఎవరును బదులు చెప్పలేదు. మేము పోగొట్టుకొన్నామని విచారించుచున్న ఇంటి సుఖము ఆమెకు ఇంటిలోనే లేదు. ఏలనగా దానిని తయారుచేయునది ఆమెయే.

మహాభారతమున ద్రౌపది కథ మీరెల్లరు చదివినదే. అక్షయపాత్ర మహిమను అందరును పొగడుదురు. ఆ పాత్ర నిండుగా నుండుట ద్రౌపది భుజించువరకే. వేలకొలది అతిథులు, పతులు భుజించిన పిదప ఆమె భుజింపవలెను. ఆమె తిన్నచో నాటికి పాత్ర వట్టిది. మన యిండ్లలోని సమృద్ధి అనేకచోట్ల ఇట్టిదే. గృహిణి కడపట తినునంతవరకు ఇల్లు నిండుగా నుండును. పాత్రకు స్తోత్రము చేయుదుము గాని, ఆమె ఏ వేళకు తిన్నదని యడుగము.

ఈ ఋణము ఇంటి గడపతో ఆగదు. నేను ఆ దేశమున తలచుకొన్న జొన్నరొట్టె వెనుక విత్తనము దాచిన స్త్రీ యున్నది. మా జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు, పెక్కుమంది దళితులు, కొఱ్ఱ, సజ్జ, జొన్న మొదలగు పాతపంటల విత్తనములను ఏండ్లతరబడి కాపాడుచు వచ్చిరి. మేము యాత్ర చేసిన ఆ 2019వ సంవత్సరముననే ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు బహుమానము లభించినది.

ఇంతకును నేను చెప్పునది యాత్రలు మానుడని కాదు. ఇల్లే స్వర్గము గనుక స్త్రీ ఇల్లు కదలరాదనియు కాదు. ఇల్లు విడిచి పోయినందుననే ఆ యమ్మ ఒక్కసారి కూర్చుండి తినగలిగెను. కృతజ్ఞత యనునది పొగడ్తగా మిగిలిన, అది గృహిణి వీపుమీద మరియొక బరువగును. "నీ వంట అమృతము" అనుట తేలిక. ఆమె తినకముందే తాను రెండవమారు వడ్డించుకొనక ఆగుట కష్టము.

తిరిగి వచ్చిన పిమ్మట మా యింట మేము రెండు నియమములు పెట్టుకొంటిమి. ఆదివారము రాత్రి రొట్టెలు మావారును పిల్లలును చేయుదురు. మొదటి రొట్టె అత్తగారికి, రెండవది నాకు. మొదట రొట్టెలు వంకరగా వచ్చెను, ఇప్పు డంత వంకర లేవు. ఇక పనికి వచ్చు స్త్రీకి మిగిలినది కాక, వండిన వెంటనే తీసి వేరుగా నుంచుదుము. ఇవి గొప్ప సంస్కరణములు కావు. అయినను మీ యిండ్లలో కడపట తినువా రెవరో, ఎన్ని గంటలకు తినుచున్నారో, ఈ వారము గమనించి చూడుడు. చూచినచో ఏమి చేయవలెనో మీకే తోచును.