పిఠాపురం నుంచి ఒక ఆట పుట్టాలి



మీ చేతిలో ఫోనుంది. ఫోనులో ఆట ఉంది. బస్టాండు దగ్గర టీ కొట్టు బల్ల మీద, కాకినాడ కాలేజీకి పోయే బస్సు వెనక సీట్లో, పాదగయ గుడి వీధి అరుగుల మీద మీరు తల వంచుకుని ఆడుతూ ఉంటారు. ఆడొద్దని చెప్పడానికి ఈ నాలుగు ముక్కలు రాయడం లేదు. ఆట లేని బతుకు చప్పిడి బతుకు. నా బాధంతా ఒక్కటే. మీరు ఆడే ఆటల్లో ఎవరివో కోటలున్నాయి, ఎవరివో అడవులున్నాయి, ఎవరి దేవుళ్లో ఉన్నారు. మన పాదగయ కుక్కుటేశ్వరుడు లేడు, మన ఉప్పాడ సముద్రం లేదు, మన అమ్మమ్మ చెప్పిన కథ లేదు. ఆ లోటు తీర్చే సత్తా మీకుంది. ఆ మాట ఊరికే అనడం లేదు. క్యోటో అనే ఊరి కథ వింటే మీకే తెలుస్తుంది.

జపాన్‌లో డబ్బూ హోదా టోక్యోవి. క్యోటో మాత్రం పాత రాజధాని. గుళ్ల ఊరు, పట్టు నేసే ఊరు. 1889 సెప్టెంబరులో అక్కడ ఫుసాజిరో యమౌచి అనే చేతిపనివాడు ఒక చిన్న దుకాణం పెట్టాడు. చెట్టు బెరడుతో చేసిన కాగితం మీద పూల బొమ్మలు వేసి, హనఫుడా అనే పేకముక్కలు అమ్మేవాడు. ఏడాదికి 12 నెలలు, నెలకు 4 ముక్కలు, మొత్తం 48. ప్రతి నెలకూ ఆ నెలలో కనువిందు చేసే పువ్వో చెట్టో గుర్తు. అంటే తన ఊళ్లో రుతువులు మారే తీరునే అతను ఆటగా మలిచాడు. ఆ దుకాణమే నింటెండో. ప్రపంచమంతా మారియోని ఎత్తుకుని తిరిగే ఈ రోజుల్లో కూడా దాని ప్రధాన కార్యాలయం క్యోటోలోనే ఉంది. ఒకనాటి కార్ఖానాను పక్కనే ఉన్న ఉజి పట్టణంలో మ్యూజియంగా మార్చి 2024 అక్టోబరులో తెరిచారు.

ఆ దారి పూలబాట అనుకోకండి. 1949లో తాతగారు మంచాన పడితే, 22 ఏళ్ల హిరోషి యమౌచి చదువు మధ్యలో వదిలి వచ్చి పగ్గాలు పట్టాడు. 1953లో ప్లాస్టిక్ పేకముక్కలు తెచ్చాడు. పేక అనగానే జూదం గుర్తొచ్చే రోజులవి. అతను 1959లో డిస్నీ బొమ్మలు అచ్చేసిన ముక్కలు తెచ్చి, పేకను పిల్లలున్న ఇళ్లలోకి తీసుకెళ్లాడు. అవి బాగా అమ్ముడుపోయాయి. ఆ ఊపులో టాక్సీలు నడిపాడు, అప్పటికప్పుడు వండుకునే అన్నం పొట్లాలు అమ్మాడు. రెండూ బెడిసికొట్టాయి. 1964 తర్వాత పేక గిరాకీ కూడా పడిపోయింది. అప్పుడు కంపెనీని నిలబెట్టింది ఎవరనుకుంటున్నారు? పేకముక్కలు చేసే యంత్రాలకు మరమ్మతులు చేసుకునే కుర్రాడు!

అతని పేరు గున్‌పేయి యోకోయ్. పని లేనప్పుడు సరదాకి, ముడుచుకుంటూ సాగే కత్తెర కర్రలతో ఒక చెయ్యి చేసుకున్నాడు. దూరంగా ఉన్న వస్తువును అందుకునే చెయ్యి. యజమాని కంట పడింది. తిట్లు తప్పవనుకున్నాడేమో గానీ, దాన్ని బొమ్మగా తయారుచెయ్యమని ఆజ్ఞ వచ్చింది. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో మార్కెట్లోకి వచ్చి 10 లక్షలకు పైగా అమ్ముడైంది.

అదే యోకోయ్ ఒకనాడు రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం చూశాడు. జేబులో పట్టే ఆట ఉంటే ఎంత బాగుంటుంది అనిపించింది. కాలిక్యులేటర్ల కోసం కుప్పలుగా తయారై చవకబడిపోయిన తెరలతోనే 1980లో గేమ్ అండ్ వాచ్ చేశాడు. కొత్తగా వచ్చిన ఖరీదైన పరికరం వెంట పరుగెత్తకు, అందరూ వాడి వాడి నలిగిన చవక పరికరాన్ని ఎవరూ ఊహించని పనికి వాడు అన్నది అతని సూత్రం. 1989 నాటి గేమ్ బాయ్‌కి రంగుల తెర కూడా లేదు. పోటీ కంపెనీలు రంగుల తెరలతో వచ్చాయి. అవి బ్యాటరీలను ఇట్టే తాగేసేవి. గేమ్ బాయ్ 4 చిన్న బ్యాటరీలతో గంటల తరబడి నడిచేది. తర్వాతి రంగుల రకంతో కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడైంది.

మంచి ల్యాప్‌టాప్ లేదని దిగులు పడే తమ్ముడూ, ఈ సూత్రం నీ కోసమే పుట్టింది.

ఇప్పుడు మారియో సంగతి. 1980 ప్రాంతంలో నింటెండో రాడార్ స్కోప్ అనే ఆట పెట్టెలను అమెరికాకు పంపింది. సుమారు 3,000 పెట్టెల్లో 2,000 దాకా అమ్ముడుపోకుండా ఉండిపోయాయి. ఆ పెట్టెల్లోనే వేరే ఆట పెట్టి గట్టెక్కించమని షిగెరు మియమోటో అనే యువకుడికి అప్పజెప్పారు. అతను ఇంజినీరు కాడు. వస్తువుల రూపకల్పన చదువుకున్నవాడు, బొమ్మలు వేసేవాడు. 1981లో డాంకీ కాంగ్ తయారైంది. అందులో గంతులు వేసే వడ్రంగి బొమ్మే తర్వాత మారియో అయ్యాడు. అతనికి కేటాయించిన చోటు అడ్డంగా 16 గళ్లు, నిలువుగా 16 గళ్లు. అంత చిన్న చోట నోరు వేస్తే కనిపించదు, అందుకే మీసం పెట్టాడు. జుట్టు వేస్తే గాలికి ఎగరాలి, అందుకే టోపీ పెట్టాడు. చేతుల కదలిక తెలియాలని చొక్కాకీ పైబట్టకీ వేరు రంగులిచ్చాడు. ప్రపంచం ప్రేమించిన ఆ ముఖం ఇరుకులోంచి పుట్టింది.

గళ్లలో బొమ్మ వేయడం మనకి కొత్తా? ఒక్కసారి ఉప్పాడ, కొత్తపల్లి వైపు సైకిలెక్కి వెళ్లండి. జాందానీ మగ్గం దగ్గర ఇద్దరు నేతగాళ్లు పక్కపక్కన కూర్చుని ఉంటారు. వాళ్ల ఎదుట గ్రాఫు కాగితం. ఒక్కో గడిలో ఏ రంగు పడాలో ముందే గుర్తులుంటాయి. ఆ లెక్క ప్రకారం పడుగు పోగులు ఎంచి, మధ్యలోంచి రంగు పోగును చేత్తో దూర్చి, బిగించి, మళ్లీ ఎంచి నెమలిని లేపుతారు. రెండువైపులా ఒకేలా కనిపించే నెమలి. పెద్ద డిజైనైతే ఒక్క చీరకే నెలలు పడుతుంది. ఆ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మియమోటో కంప్యూటర్ తెర మీద చేసిన పని మీ మేనమామ మగ్గం మీద రోజూ చేస్తున్నాడు. ఆ గ్రాఫు కాగితం అడిగి తెచ్చుకోండి. అందులోని నెమలి రేపు మీ ఆటలో పురి విప్పాలి.

కథలకేం కొదవ? మియమోటో చిన్నప్పుడు ఊరి చుట్టూ కొండలెక్కి, లాంతరు పట్టుకుని గుహలోకి దూరిన జ్ఞాపకమే 1986లో జెల్డా ఆటకు ప్రాణం పోసింది. సతోషి తాజిరి చిన్నతనంలో పురుగులు పట్టి దాచుకున్న సరదాయే, ఆరేళ్ల శ్రమ తర్వాత, 1996లో పోకెమాన్ అయింది. మరి మీకు పాదగయ కథ ఉంది. గయాసురుడు కదలకుండా పడుకోవాలి. ఏడు రాత్రులు ఓర్చుకోవాలి. తెల్లవారకముందే శివుడు కోడై కూస్తాడు. తెల్లారిందనుకుని అసురుడు కదులుతాడు. ఇంతకంటే ఉత్కంఠ ఉన్న ఆట ఎక్కడుంది? ఏ కూత నిజం, ఏ కూత మాయ అని చెవులు రిక్కించి ఆడే ఆట ఒకటి చెయ్యండి, చూద్దాం. ఉప్పాడ తీరాన్ని ఏటేటా సముద్రం కోసుకుపోతోంది. ఇళ్లు పోయాయి, రోడ్డు తెగింది. ఆ ఊరిని ఎలా కాపాడుకోవాలో ఆటలో పెట్టి ప్రపంచం చేత ఆడించండి.

రాతి అరుగుల మీద గీసుకుని మన పెద్దలు ఆడిన పులి-మేకలో 3 పులులకు 15 మేకలు. పులిది బలం, మేకలది ఐకమత్యం. రెండు పక్షాలకూ వేర్వేరు బలాలిచ్చి సరితూగేలా చేయడం ఆటల రూపకర్తలకు కత్తిమీద సాము. ఆ విద్య మన అరుగుల మీదే ఉంది. కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మల కళాకారులు వెలిగే తెర మీద రామాయణాన్ని ఆడించారు. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లు ‘రాజీ’ అనే ఆటలో కథ చెప్పడానికి ఆ తోలుబొమ్మల పద్ధతినే పట్టుకున్నారు. 2017లో చందాల ద్వారా డబ్బు పోగుచేద్దామంటే కుదరలేదు. అయినా వదల్లేదు. 2020 ఆగస్టులో ఆ ఆట ముందుగా నింటెండో స్విచ్ మీదే విడుదలైంది. హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న బృందం 2017లో ‘అసుర’ తెచ్చింది. దారి వేసినవాళ్లున్నారు. నడిచేవాళ్లు కావాలి.

ఒక్క హెచ్చరిక. ఆట పేరుతో జేబు కొట్టే జూదం యాప్‌ల జోలికి పోకండి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీలాంటి వాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది, ఈ-స్పోర్ట్స్‌కు మాత్రం గుర్తింపునిచ్చింది. హనఫుడా ముక్కలతోనూ జూదమాడేవాళ్లు. నింటెండో పెరిగింది మాత్రం పిల్లల నవ్వుల మీద. మీరు పెరగాల్సిందీ అలాగే.

ఇక పనిలోకి దిగండి. నలుగురు చేరండి. ఒకరు బొమ్మలు వేయండి, ఒకరు ప్రోగ్రాం రాయండి, ఒకరు కథ అల్లండి, నాదస్వరమో డప్పో వచ్చినవాళ్లు సంగీతం చూసుకోండి. బడి పిల్లలైతే స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో మొదలుపెట్టండి. కాలేజీ వాళ్లు ఆటలు తయారుచేసే గోడో సాఫ్ట్‌వేర్ పట్టుకోండి. అది ఉచితం, ఆండ్రాయిడ్ ఫోనులో కూడా నడుస్తుంది. బొమ్మలకు బ్లెండర్ ఉంది, అదీ ఉచితమే. ముందు ఆటను కాగితం మీద గీసి, చింతపిక్కలు పెట్టి ఆడి చూడండి. కాగితం మీద రక్తి కట్టని ఆట కంప్యూటర్లో కూడా రక్తి కట్టదు. మొదటి ఆట ఐదు నిమిషాల్లో అయిపోయేంత చిన్నదిగా ఉండనివ్వండి, కానీ పూర్తి చెయ్యండి. పక్కింటి పిల్లవాడి చేతికిచ్చి నోరు మూసుకుని కూర్చోండి. వాడు ఎక్కడ విసుక్కున్నాడో అక్కడ దిద్దండి.

తప్పు జరిగితే ఒప్పుకునే గుండె కూడా కావాలి. 1983లో ఫ్యామికామ్ అనే ఆట యంత్రంలో లోపం బయటపడితే నింటెండో అమ్మిన వాటిని వెనక్కి పిలిపించి బాగుచేసి ఇచ్చింది. 1995లో వర్చువల్ బాయ్ ఘోరంగా దెబ్బతింది. తర్వాత వీ యూ అనే యంత్రం చతికిలబడింది. అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాటా స్వయంగా ప్రోగ్రామర్. నష్టాలొచ్చినప్పుడు 2011లో, మళ్లీ 2014లో తన జీతాన్ని సగానికి తగ్గించుకున్నాడు. ఆయన 2015లో కన్నుమూశాడు. 2017లో వచ్చిన స్విచ్ అమ్మకాలు 15 కోట్లు దాటాయి. పడినవాళ్లు లేవడమంటే అదీ.

మన ఊరికి ఓపిక కొత్త కాదు. పిఠాపురం రాజావారి అండతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పండితులు ఏళ్ల తరబడి మాట మాటా ఏరి సూర్యరాయాంధ్ర నిఘంటువు కూర్చారు. ఆ ఊరి గాలి పీల్చినవాళ్లు మీరు. అమ్మానాన్నలు మార్కులడుగుతారు, అడగనివ్వండి. చదువు చదువే. రోజుకు ఆడే రెండు గంటల్లో ఒక గంట ఆట తయారీకి ఇవ్వండి. ఇంగ్లీషు సరిగా రాదని సిగ్గుపడకండి. మీ ఆటలో మనుషులు తెలుగులోనే మాట్లాడనివ్వండి. యోకోయ్ మరమ్మతులు చేసేవాడు, మియమోటో బొమ్మలు వేసేవాడు. మీరు పిఠాపురం పిల్లలు. ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకండి. ఈ సంక్రాంతి సెలవులకు మీ మొదటి ఆట పూర్తి కావాలి, వీధిలోని పిల్లలంతా దాన్ని ఆడాలి. ఇవాళే మొదలుపెట్టండి!