‘తెలియక వేసుకున్నా’ అంటే కుదరదు!

సికింద్రాబాద్‌లోని రైల్ నిలయం అనగానే ఆటగాళ్లకు గుర్తొచ్చేది దక్షిణ మధ్య రైల్వే స్పోర్ట్స్ కోటా. ఆ కొలువు కోసమే మీరూ గ్రౌండ్‌లో చెమటోడుస్తున్నారా? అయితే ఇది మీకే. డోప్ పరీక్షలో దొరికితే నిషేధంతో ఆగదు. శాంపిల్ ఇచ్చిన రోజు నుంచి సాధించిన ఫలితాలూ మామూలుగా రద్దవుతాయి. కోటాకు మీరు చూపించేది ఆ సర్టిఫికెట్లే కదా!

జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ‘నాడా’ నిబంధనల మూలసూత్రం ఒక్కటే: మీ ఒంట్లోకి వెళ్లినదానికి మీదే బాధ్యత. మరి వాదించడానికి ఏం మిగులుతుంది? అది ఎలా వచ్చిందో రుజువు చేయడమే.

మూడు కేసులు చూడండి. 2019లో క్రికెటర్ పృథ్వీ షా శాంపిల్‌లో టెర్బుటలైన్ బయటపడింది. దగ్గు మందు వల్లేనన్న వివరణను బీసీసీఐ నమ్మింది. అయినా 8 నెలల నిషేధం తప్పలేదు. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన స్ప్రింటర్ ద్యుతీ చంద్ 2022 డిసెంబరు శాంపిళ్లలో సార్మ్స్ దొరికాయి. ఫిజియో సలహాతో వాడానన్న వాదన నిలబడలేదు. 4 ఏళ్ల నిషేధం పడింది. రెజ్లర్ నర్సింగ్ యాదవ్ తనపై కుట్ర జరిగిందన్నారు. నాడా ఒప్పుకున్నా, 2016లో రియోలో క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు ఆధారాలు లేవంటూ 4 ఏళ్లు నిషేధించింది.

తేడా ఎక్కడుంది? మందు ఏ వర్గానిదన్నది ఒకటి. సార్మ్స్, స్టెరాయిడ్లయితే కావాలని వాడలేదని మీరే నిరూపించాలి. టెర్బుటలైన్ లాంటివైతే కావాలనే వాడారని నాడా నిరూపించాలి. రెండోది, చేతిలో ఉన్న ఆధారం.

నోటీసు వస్తే కంగారు పడొద్దు, ఆలస్యమూ చేయొద్దు. ‘బి’ శాంపిల్ పరీక్ష అడిగే హక్కు మీకుంది. 4 ఏళ్లు పడే కేసులో, అభియోగ నోటీసు అందిన 20 రోజుల్లోగా తప్పునూ శిక్షనూ ఒప్పుకుంటే ఏడాది తగ్గుతుంది. గట్టి ఆధారం ఉంటే మాత్రం లాయర్‌ని అడగకుండా సంతకం పెట్టకండి.

అసలు డిఫెన్స్ పరీక్షకు ముందే మొదలవుతుంది. ఆటగాడినని డాక్టర్‌కు ముందే చెప్పండి. నిషేధిత మందు తప్పనిసరైతే వైద్య మినహాయింపునకు దరఖాస్తు చేయండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్ ముట్టొద్దు. ప్రిస్క్రిప్షన్, బిల్లు, బ్యాచ్ నంబరున్న డబ్బా దాచుకోండి. రేపు ప్యానెల్ ముందు మీ మాటకు సాక్ష్యం అవే!