నల్లాలో లేదు, బోరులో ఉంది

నల్లగొండ ఫ్లోరైడ్ మీద ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో జరిగే కొట్లాట చాలాకాలంగా రెండు బొమ్మల మధ్యే తిరుగుతోంది. ఒకరు కేంద్ర జలశక్తి శాఖ పార్లమెంటుకు ఇచ్చిన లెక్క పెడతారు: తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు 2015లో 967, 2020 నాటికి సున్నా. ఇంకొకరు మర్రిగూడ వైపు ఊళ్ళో కాళ్ళు వంకరపోయిన మనిషి ఫొటో పెట్టి, ఇదేనా మీ సున్నా అని నిలదీస్తారు. 2022 నవంబరు మునుగోడు ఉప ఎన్నికలో ఈ రెండు బొమ్మలూ పార్టీల కండువాలు కప్పుకుని తిరిగాయి. ఇందులో ఏదీ కట్టుకథ కాదు. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం అయితీరాలని అనుకోవడంలోనే తిరకాసు ఉంది.

పార్లమెంటు లెక్క కొలిచింది ఆవాసానికి అందే నీటిని. రాష్ట్ర తాగునీటి పథకం మిషన్ భగీరథ పైపు వచ్చి, శుద్ధి చేసిన కృష్ణా నీళ్ళు నల్లాలో పడితే ఆ ఊరు జాబితాలోంచి పోతుంది. వీధి చివర బోరింగులో ఏముందో ఆ లెక్కకు పట్టదు. ఫొటోలోని మనిషి ఒంట్లో ఉన్నది పాతికేళ్ళో యాభై ఏళ్ళో తాగిన నీళ్ళ ఫలితం. నీళ్ళు మారినంత మాత్రాన వంగిన ఎముక నిటారు కాదు. శివన్నగూడేనికి చెందిన అంశల స్వామి ఫ్లోరైడ్ పోరాటానికి దేశమంతటా ముఖమై, 2023 జనవరిలో కన్నుమూశారు. భగీరథ నీళ్ళు వచ్చాక కూడా ఆయన శరీరం అలాగే ఉంది. దాన్ని పథకం విఫలమైందనడానికి సాక్ష్యంగా చూపడం ఎంత తప్పో, నల్లాలో మంచి నీళ్ళు వస్తున్నాయి కాబట్టి బాధితులే లేరనడమూ అంతే తప్పు. రెండో తప్పు ఇంకా ప్రమాదం, దాంతో పింఛనూ వైద్యమూ అడిగే నోరు మూతపడుతుంది.

ఇక నేల సంగతి. నల్లగొండ, పాలమూరు మెట్ట నేలల కింద ఉన్నది ప్రధానంగా గ్రానైటు. ఆ రాతిలోని ఫ్లోరైటు, అపటైటు, బయోటైటు వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఆ నీటిలో క్షార గుణం పెరిగి కాల్షియం తగ్గిన చోట ఫ్లోరైడ్ సులువుగా కరిగి వస్తుంది. కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దింపేది. పైపులైన్ వేసినంత మాత్రాన ఈ రాతి గుణం మారదు. మోటారు కాలో, పైపు పగిలో వారం రోజులు నల్లా రాకపోతే జనం పోయేది మళ్ళీ ఆ బోరింగు దగ్గరికే. పశువులు తాగేవి, చాలా చోట్ల పొలం తడిపేవి ఇప్పటికీ బోరు నీళ్ళే.

చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీల వల్లే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ జబ్బు) వచ్చిందన్న వాదన కూడా తరచూ కనబడుతుంది. కంపెనీల కాలుష్యం మీద జనం కోపం న్యాయమైనదే, దాని మీద వేరేగా గట్టిగా కొట్లాడాలి. అయితే ఫ్లోరోసిస్‌కు ఆ కారణం అతకదు. నెల్లూరు జిల్లాలో (ఆ ఊళ్ళు తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్ళాయి) ఈ జబ్బును 1937లోనే వైద్యులు నమోదు చేశారు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అదే నెలలో ఇదే జిల్లాలో నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. ప్రాజెక్టు జిల్లాలోనే కట్టారు, జబ్బున్న మెట్ట ఊళ్ళు మాత్రం కాలువకు అందని ఎత్తున మిగిలిపోయాయి. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి పిల్లల మోకాళ్ళ వంకర గురించి లాన్సెట్‌లో రాశారు. నాగపూర్ నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టింది. ఆ పద్ధతి టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. ప్రపంచానికి ఇంత తెలిసినా గుక్కెడు మంచినీళ్ళ కోసం 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీకి నిలబడాల్సి వచ్చింది. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. ఈ చరిత్ర తెలిసినవాళ్ళు 'ఫ్లోరైడంతా మొన్నటి ఎన్నికల కథ' అనే పోస్టును ముందుకు పంపరు.

ఈమధ్య ఇంకో రకం గందరగోళం అమెరికా నుంచి దిగుమతవుతోంది. 1945లో మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ ర్యాపిడ్స్ నగరంలో పళ్ళు పుచ్చకుండా కుళాయి నీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ సిఫారసు చేసే మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. 2025లో ఉటా రాష్ట్రం ఆ కలపడాన్నే నిషేధించింది. ఈ వార్త మన దగ్గరికొచ్చేసరికి రెండుగా చీలింది. 'అమెరికానే విషమని ఒప్పుకుంది' అని కొందరు, 'అమెరికావాళ్ళు ఎనభై ఏళ్ళు కలుపుకుని తాగారు, మనకేమవుతుంది' అని ఇంకొందరు. ఇద్దరూ అంకె వదిలేసి పేరు పట్టుకున్నారు. మన ప్రమాణాల సంస్థ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దంటుంది, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 3 నుంచి 6 మధ్య ఎముకల జబ్బు కనిపించవచ్చు, 10 దాటితే మనిషి వికలాంగుడయ్యే ముప్పుంది. ఏప్రిల్ ఎండలో ఉపాధి పనికి పోయే కూలీ తాగే నీళ్ళు ఉటా గుమాస్తా తాగే నీళ్ళకు ఎన్నో రెట్లు. అందుకని అదే అంకె ఇక్కడ మరింత భారమవుతుంది. 2024లో అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం ఇచ్చిన నివేదిక 1.5 దాటిన నీళ్ళకూ పిల్లల తెలివితేటలు తగ్గడానికీ సంబంధం కనిపిస్తోందని చెప్పింది. 0.7 గురించి తేల్చడానికి ఆధారాలు చాలవని కూడా చెప్పింది. ఆ నివేదికతో ఉటాకంటే మర్రిగూడకే ఎక్కువ పని ఉంది.

ఇంటి వైద్యాల్లో చింతపండు మాట తరచూ వినపడుతుంది, రోజూ చారు తాగితే ఫ్లోరైడ్ పోతుందని. దీనికి 'ఫేక్' అని ఎర్రముద్ర కొట్టేయడం తేలిక, కానీ తప్పు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు హాస్టలు అబ్బాయిలకు రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు చింతపండు ఇచ్చి చూశారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ నిజంగానే పెరిగింది. ఆ ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. ముదిరిన ఎముకల జబ్బు దాంతో నయమవుతుందని మాత్రం ఆ ప్రయోగం ఎక్కడా అనలేదు. ఇందులో ఎంత నిజముందో ముందు ఒప్పుకుని, ఎక్కడ ఆగుతుందో తర్వాత చెబితేనే పులుసు పెట్టుకునే అమ్మ మన మాట వింటుంది. ముద్ర కొట్టేవాడి మాట వినదు, వినకపోవడం ఆమె తప్పూ కాదు.

నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోతుందన్న మాటలో ఆ పాటి నిజం కూడా లేదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. ఇక ఆర్‌ఓ మిషన్లు అమ్మేవాళ్ళ ప్రదర్శన చూడాలి. నల్లా నీళ్ళలో రెండు కడ్డీలు ముంచి కరెంటిస్తారు, నీళ్ళు గోధుమరంగు తిరుగుతాయి, 'ఇదీ మీరు తాగే మురికి' అంటారు. ఆ రంగు చాలావరకు ఇనుప కడ్డీ కరిగి వచ్చినదే. తర్వాత టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తారు. టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుందే తప్ప, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. టీడీఎస్ తక్కువున్న బోరు నీళ్ళలోనూ ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఆర్‌ఓ ఫ్లోరైడ్‌ను చాలావరకు తీస్తుంది, అది నిజమే. పనికొచ్చే కాల్షియాన్నీ దాంతోపాటే తీసేస్తుంది, బోలెడు నీళ్ళు పారబోస్తుంది. శుద్ధి చేసిన నల్లా నీళ్ళు ఇంటి ముందు వస్తుంటే డబ్బులు పెట్టి ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకోవడం వెనుక ఉన్నది శాస్త్రం కాదు, అపనమ్మకం. అపనమ్మకానికి కారణం నల్లా నీళ్ళ పరీక్ష ఫలితం ఎవరూ కళ్ళకు కట్టినట్టు చూపకపోవడం.

అపనమ్మకాన్ని ఎలా పోగొట్టాలో చూపే ఉదాహరణ ఒకటుంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్ పుకార్లు చెలరేగినప్పుడు జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని డప్పులతో, పాటలతో ఊళ్ళకు పంపారు. ఊరికి తెలిసిన కానిస్టేబుల్ రచ్చకట్ట దగ్గర నిలబడి చెప్పిన మాటకు ఉండే బరువు ఫోనులో వచ్చిన ఖండన ప్రకటనకు ఉండదు. ఫ్లోరైడ్ విషయంలో మాట ఒక్కటే చాలదు, పక్కన అంకె కూడా నిలబడాలి.

పార్లమెంటు లెక్కలోని ఆ సున్నా నిజమా కాదా తేల్చే సాక్ష్యం మన కళ్ళముందే పెరుగుతోంది. పళ్ళ పింగాణి తయారయ్యేది పసితనంలోనే, ఆ వయసులో ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే శాశ్వత దంతాల మీద మచ్చలు పడతాయి. భగీరథ నీళ్ళతో పెరిగిన, 2018 తర్వాత పుట్టిన పిల్లల్లో పెద్దవాళ్ళకు పాలపళ్ళు ఊడి ముందు పళ్ళు వచ్చేశాయి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల బళ్ళలో ఈ పిల్లల పళ్ళు చూసి, వాళ్ళ అన్నల, అక్కల పళ్ళతో పోల్చితే భగీరథ ఎంత పని చేసిందో ఏ పార్టీ ప్రతినిధీ కాదనలేని లెక్క తేలుతుంది. పాలమూరులో ఫ్లోరైడ్ తగిలిన ఊళ్ళలోనూ ఇదే చేయాలి. దంత వైద్యులూ టీచర్లూ కలిస్తే అయ్యే పని ఇది, వేల కోట్లు అక్కర్లేదు. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్ళలో మహిళలకు నీటి పరీక్ష కిట్లు ఇచ్చి నేర్పే ఏర్పాటు ఎలాగూ ఉంది. నెలకోసారి నల్లా నీటిలో, బోరింగు నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో తేదీ వేసి పంచాయతీ గోడ మీద రాయించమని మీ సర్పంచును అడగండి. ఫోనులో ఎవరైనా వాదనకు దిగితే, ముందు ఆ గోడ ఫొటో పంపమనండి.