దాత పేరు లేని విమానము

ఇంగ్లండు దేశమున వేసవి వచ్చినతోడనే పాత సైనిక వాహనముల ప్రదర్శనలు మొదలగును. కెంటు మండలములోని బెల్ట్రింగ్ గ్రామమున యేండ్ల తరబడి జరిగిన 'వార్ అండ్ పీస్ షో' వీనిలో పేరెన్నిక గన్నది. టాంకులు, జీపులు, ఫిరంగులను లాగు లారీలు వరుసలు తీరి యుండును. ఇట్టి ప్రదర్శనలలో జనమును మిక్కిలిగ నాకర్షించునది నేలమీద నిలిపిన స్పిట్‌ఫైరు యుద్ధవిమానపు నమూనా. అది యెగరదు. దానికి మెర్లిను ఇంజను లేదు. రెక్కలలో ఎనిమిది మరతుపాకులును లేవు. ఫైబరుగ్లాసుతో పోతపోసి, రంగులు వేసి, రెక్కలూడదీసి లారీపై నెక్కించి ఊరూర త్రిప్పెదరు. పిల్లలు దాని ప్రక్కను నిలిచి ఫోటోలు తీయించుకొందురు.

ఈ నమూనాలపై మాకొక అభియోగము కలదు. అవి నకిలీలనునది మా అభియోగము కాదు. వానిపై దాత పేరు లేదనునదే మా అభియోగము. ఆ దాతలలో మన పెద్దలు నున్నారు గనుక ఈ సంచికలో దీనిని గూర్చి వ్రాయుట అధికప్రసంగము కాదు.

ముందుగా నకిలీయని యీసడించువారికి సమాధానము చెప్పవలెను. స్పిట్‌ఫైరులు ఇరువది వేలకు పైగా తయారైనవి. నేడు ఎగురగలిగినవి కొన్ని పదులు మాత్రమే. వానిని ఎండకు వానకు విడిచిన తుప్పు పట్టును. అందుచేతనే బ్రిటిషు వైమానిక స్థావరముల ద్వారముల వద్ద కావలిగా నిలిపిన అసలు విమానములను 1980ల చివర తొలగించి, వాని స్థానమున నమూనాలను నిలిపిరి. మన దేవాలయములలో మూలవిరాట్టు గర్భాలయము వీడదు. వీధికి వచ్చునది ఉత్సవమూర్తి. ఉత్సవమూర్తిని నకిలీ దేవుడని యెవ్వరును అనరు. యుద్ధకాలమునందే శత్రువును మోసగించుటకు షెప్పర్టన్ సినిమా స్టూడియో పనివారు కర్రతోను గుడ్డతోను దొంగ విమానములు చేసి, ఉత్తుత్తి విమానాశ్రయములలో నిలిపిరి. కావున నమూనా యనునది ఆ యుద్ధ చరిత్రకు పరాయిది కాదు.

అయితే ఉత్సవమూర్తికిని శంఖచక్రము లుండవలెను గదా! నమూనాలు చేయువారు రంగు ఛాయ తప్పకుండ చూతురు. స్క్వాడ్రను అక్షరములు కొలిచి వ్రాయుదురు. పైలటు పేరు సహితము వ్రాయుదురు. మేము ఫోటోలలో చూచిన పెక్కు నమూనాలపై లేనిది ఒక్కటే: ఆ విమానమునకు సొమ్మెవరిచ్చిరను మాట. అసలు విమానములపై ఆ మాట యుండెడిది.

1940 మే నెలలో బీవర్‌బ్రూక్ ప్రభువు విమానోత్పత్తి మంత్రి యయ్యెను. అయిదు వేల పౌనులిచ్చిన వారి పేరొక స్పిట్‌ఫైరుపై వ్రాయబడునని ప్రకటన వెలువడెను. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీల మారకము చొప్పున అది మన లెక్కలో అరువది ఆరు వేల ఆరువందల రూపాయలకు పైచిలుకు. అసలు ఖర్చు అంతకంటె నెక్కువయే. ఇంకను పెద్ద మొత్తము లిచ్చిన ప్రాంతముల పేళ్లు మొత్తము స్క్వాడ్రనులకే పెట్టబడినవి. బ్రిటిషు వాయుసేనలో 79, 234, 264 సంఖ్యలు గల స్క్వాడ్రనులు మదరాసు రాజధాని పేరు మోసినవి. 152, 253 సంఖ్యలవి హైదరాబాదు పేరు మోసినవి. 1940 జులై 10 మొదలు అక్టోబరు 31 వరకు జరిగిన బ్రిటను యుద్ధములో ఈ అయిదును పోరాడినవి. వీనిలో 152వ స్క్వాడ్రను చిహ్నము మీద నున్నది నిజాము తలపాగా. దాని క్రింది మాటకు అర్థము 'నమ్మిన మిత్రుడు'.

ఇది క్రొత్త ఆచారమును కాదు. మొదటి ప్రపంచ యుద్ధములో, 1918లో, 110వ స్క్వాడ్రనుకు తొలి విమానములన్నియు నిజాము కానుకయే. ఒక్కొక్క విమానముపైనను ఆ మాట వ్రాసియుండెను. వానిలో ఒకటి నేటికిని లండనులోని వాయుసేనా మ్యూజియమున నున్నది. 1918 అక్టోబరులో అది జర్మనులకు చిక్కి బెర్లిను చేరెను. పిమ్మట పోలండునకు పోయి, 1977లో మరల ఇంగ్లండునకు వచ్చెను. రెక్కలు లేకుండ వచ్చిన దానికి క్రొత్త రెక్కలు చేసి తగిలించిరి. అసలు విమానమునకే రెక్కలు నమూనాలైనప్పుడు, నమూనాపై దాత పేరు వ్రాయుటకు అడ్డమేమి?

జీవితమంతయు గుమాస్తా ఉద్యోగము చేసిన వారము గనుక రసీదు విలువ యెరుగుదుము. విమానముపై వ్రాసిన పేరు అలంకారము కాదు, రసీదు. రసీదు చింపివేసినంత మాత్రమున బాకీ తీరదు.

ఇక మనవారి ఆక్షేపణలకు వత్తము. 'అది నిజాము సొమ్ము, మనకేమి?' అని కొందరందురు. నిజాము ఖజానాకు సొమ్మెక్కడిది? తెలంగాణ పల్లెలలోను, మరాట్వాడా పల్లెలలోను, రాయచూరు గుల్బర్గా సీమలలోను నాగలి పట్టిన రైతు కట్టిన శిస్తు అది. రైతు పేరు ఏ విమానముపైనను లేదు. తలపాగా మాత్రమున్నది.

'మనస్ఫూర్తిగా నిచ్చినది కాదు గదా, దానిని గూర్చి గర్వమేల?' అని మరికొందరందురు. ఈ మాటలో బలమున్నది. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశమును యుద్ధములోనికి దింపునపుడు మన ప్రతినిధులలో ఒక్కరినైనను అడుగలేదు. మదరాసులో రాజాజీ మంత్రివర్గము ఆ అక్టోబరులో రాజీనామా నిచ్చెను. తరువాత పాలన గవర్నరుదే. 1940 అక్టోబరు 17న వినోబా భావే వ్యక్తి సత్యాగ్రహము మొదలిడెను. ఈ యుద్ధమునకు మనుష్యులను గాని ధనమును గాని ఇచ్చుట తప్పని చాటుటయే ఆ సత్యాగ్రహుల పని. ఇంగ్లండు ఆకాశమున మదరాసు పేరుగల విమానములు పోరాడుచున్న నెలలోనే ఇచ్చట ఆ మాటకు జైళ్లు తెరచుకొనెను. ఒకే ఊరిలో ఒకరు చందా వ్రాసిన, ఒకరు చెరసాలకు పోయిన కాలమది. కావున మేము కోరునది గర్వము కాదు, నిజము. ఇష్టముతో నిచ్చిన దానికంటె అడుగకుండ తీసికొన్న దానికే రసీదు మరింత అవసరము.

సొమ్మిచ్చిన రాజధానికి ఆ విమానములు రక్షణ యిచ్చెనా యను ప్రశ్నయు నున్నది. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసెను. ఆనాటికి భారతదేశమున స్పిట్‌ఫైరు ఒక్కటియు లేదు. యుద్ధమునకై స్పిట్‌ఫైరులు మన దేశమునకు వచ్చుట 1943లో. హైదరాబాదు పేరుగల 152వ స్క్వాడ్రను ఆ యేటి చివర తూర్పునకు వచ్చి బర్మా యుద్ధములో పాల్గొనెను. నాడు ప్రేలని జపాను బాంబొకటి విశాఖ మ్యూజియములో నేటికిని చూడవచ్చును. మనము కొన్న విమానము వారి యొద్ద బొమ్మగా మిగిలినది; మనపై పడిన బాంబు మన యొద్ద మిగిలినది. ఈ జమాఖర్చు ఏ ప్రదర్శనలోనైనను పలకపై వ్రాసియున్నదా?

అన్నిటికంటె గట్టి చిక్కొకటి కలదు. ఈ పేళ్లకు నేడు వారసులు లేరు. మదరాసు రాజధాని లేదు. 1953లో ఆంధ్రము వేరైనది. 1956లో హైదరాబాదు రాష్ట్రము మూడు భాగములైనది. 1969లో మదరాసు రాష్ట్రము తమిళనాడైనది. 2014లో తెలంగాణము వేరు రాష్ట్రమైనది. ఏ ప్రభుత్వము నడిగినను, 'అది మా పేరు కాదు' అని చెప్పవచ్చును. అయితే చెన్నపట్టణమున, మధురలో, బళ్లారిలో, నాందేడులో తరతరములుగా నిలిచియున్న తెలుగువారము మనమా మాట చెప్పజాలము. గీతలు మారినను మనము కదలలేదు. బరంపురము 1936లోనే ఒరిస్సాలో కలిసెను. యానాము నాడు ఫ్రెంచివారిది, ఆ ఫ్రెంచి ఇండియాయు 1940 సెప్టెంబరులో దగాల్ పక్షము చేరినది. అక్కడి తెలుగువారును ఈ కథకు వెలుపలివారు కారు. పాత రాజధానికిని పాత సంస్థానమునకును మిగిలిన వారసులెవరైన నున్న, ఇరుగుపొరుగు భాషలవారితో కలిసి బ్రదుకుచున్న మనవంటి వారే. ఆ చందాలో తమిళుని అణా, కన్నడిగుని అణా, మరాఠీవాని అణా, మలయాళీ అణా మన అణాతో కలిసియే యున్నవి.

అడిగిన పని జరుగదని నిరాశపడ నక్కరలేదు. బ్రిటను యుద్ధము ముగియు వేళకు మన దేశము నుండి పోయి హరికేను విమానములు నడిపిన మహీందర్ సింగ్ పుజ్జీ యను సిక్కు వీరునకు కెంటులోని గ్రేవ్స్‌ఎండు పట్టణమున 2014లో విగ్రహము నిలిపిరి. ఆయన జ్ఞాపకమును విడువని వారుండుటచేతనే అది జరిగినది. మన విషయమున ఇంతవరకు ఎవరును నోరు విప్పలేదు. అడుగని వానికి అమ్మయైనను పెట్టదు.

కావున మన సంఘములు చేయవలసిన పనులు రెండు. మదరాసు, హైదరాబాదు స్క్వాడ్రనుల అక్షరములు ధరించిన నమూనా ఎచ్చట నిలిచినను, దాని ప్రక్కను మూడు పంక్తుల పలక యుంచుడని ప్రదర్శకులకు వ్రాయవలెను: ఇది నమూనా, దీని అసలు విమానముల స్క్వాడ్రను ఫలానా ప్రాంతము పేరు మోసినది, ఆ ప్రాంత ప్రజలు నాడు పరపాలనలో నుండిరి. రెండవది, మన యిండ్ల పాత పెట్టెలలో యుద్ధనిధి రసీదులు, చందా పట్టీలు, సత్యాగ్రహుల జైలు కాగితములు మిగిలియున్న వానిని చెదలకు విడువక ప్రతులు తీయించి సంఘ గ్రంథాలయమున చేర్చవలెను. చందా కాగితమును జైలు కాగితమును ఒకే బీరువాలో నుండవలెను. రెండును మన పెద్దలవే.

పంక్తులు మూడే. ఫైబరుగ్లాసు మీద వ్రాయుటకు గుప్పెడు రంగు చాలును. ఆ రంగు వేయు వరకు ఆ విమానము, ఎంత అందముగ నిలిచినను, సగము నమూనాయే.