పద్దెనిమిది రూపాయల లెక్క

పద్దెనిమిది రూపాయల కోసం ఇంత రాద్ధాంతమా అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. అలా నవ్వి ఊరుకుంటారన్న ధీమాతోనే కదా ఈ వ్యాపారం సాగుతున్నది!

మా నారాయణఖేడ్‌లో సూపర్ మార్కెట్ వెలిసిన రోజున సంతోషించినవారిలో నేనూ ఒకణ్ణి. సరుకు మనమే చూసి తీసుకోవచ్చు, ధర అచ్చులో ఉంటుంది, బేరమాడే బాధ తప్పుతుంది అనుకున్నాను. (పాత షావుకార్లు హరిశ్చంద్రులని నేననను. త్రాసు కింద చింతపండు అంటించిన మహానుభావుల కథలు మా ఇంట్లోనూ చెప్పుకునేవారు. అయితే ఆ షావుకారు ఎదురుగా కూర్చునేవాడు. నిలదీస్తే మన మొహం చూసి జవాబు చెప్పవలసి వచ్చేది.)

మొన్న ఆదివారం కిలో కందిపప్పు పొట్లం తీసుకున్నాను. ర్యాకుకు అంటించిన చీటీలో ధర 138 రూపాయలు. నా ముందు నిలబడిన తండా ఆవిడ అదే పప్పు రెండు పొట్లాలు తీసుకున్నది. బిల్లు మడిచి, చిల్లరతో కలిపి కొంగున ముడి వేసుకుని వెళ్ళిపోయింది. నా వంతు వచ్చింది. బిల్లులో 156.

"సిస్టంల గట్లనే ఉన్నది సార్" అన్నది బిల్లు వేసే అమ్మాయి, తల ఎత్తకుండానే. చీటీ సంగతి చెప్పాను. "ఆఫర్ నిన్ననే అయిపోయింది. చిట్టీ తీయలే, గంతే."

ఆఫర్ మొదలైన నాడు చీటీ అంటించడం ఎవరూ మరచిపోరు. ముగిసిన నాడు తీయడం మాత్రం మరచిపోతారు. ఆ మరపు ఒక్కసారైనా కొనేవాడికి కలిసివచ్చిన దాఖలా నాకు కనబడలేదు.

అంతకన్నా వింత ఆ పొట్లం మీదే ఉన్నది. ఎంఆర్‌పీ 190 అట! మన చుట్టుపక్కల చేలల్లో పండే కందికి ఆ ధర నిర్ణయించినదెవరు? సంచుల్లో తెచ్చి పొట్లాలు కట్టేది ఆ అంగడివారే, దాని మీద ఎంఆర్‌పీ అచ్చువేసేదీ వారే. తామే 190 అని రాసుకుని, తామే 34 తగ్గించి, బిల్లు అడుగున "ఈరోజు మీ ఆదా" అని మనల్ని అభినందిస్తారు. అంతకు మించి అమ్మరాదని చట్టం గీయించిన గీత వారి చేతిలో తగ్గింపు నాటకానికి తెర అయి కూర్చున్నది.

అదే బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న శాసనం కూడా ఉంటుంది. గత నెల పురుగులు పట్టిన రవ్వ పొట్లం తీసుకువెళితే ఆ వాక్యమే వేలితో చూపించారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం వేరుగా చెబుతున్నది. బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న సరుకును ముప్పై రోజుల లోపల వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. ధర విషయంలో జనాన్ని తప్పుదారి పట్టించడమూ అంతే.

చట్టం ఉన్నది సరే. జిల్లా వినియోగదారుల కమిషన్ సంగారెడ్డిలో ఉన్నది. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము లేదు. 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకోవచ్చు. అయినా పద్దెనిమిది రూపాయల కోసం ఒక పూట పని మానుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని సంగారెడ్డి వెళ్ళేదెవరు? ఆ లెక్క మనకన్నా ముందే అంగడివారు వేసుకున్నారు. వందలు కాజేస్తే గొడవవుతుంది, పద్దెనిమిదైతే కాదు.

నేను కదలలేదు. వెనుక వరుస పెరిగింది, ఎవరో విసుక్కున్నారు కూడా. చివరికి మేనేజరు వచ్చి, నాకేదో దానం చేస్తున్నట్టు పది నోటు, అయిదు నాణెం, మూడు చాక్లెట్లు బల్ల మీద పెట్టాడు. చాక్లెట్లు వెనక్కి నెట్టి మూడు రూపాయలు తీసుకున్నాను.

"ఇందాకటి ఆవిడకు ముప్పై ఆరు రావాలి కదా?" అన్నాను.

"ఆమె అడగలే కద సార్" అన్నాడు.

బయటికి వచ్చి చూశాను. తండా ఆటో వెళ్ళిపోయింది.